మూడో పూట పాలు

గోవర్ధన్‌ది, నాది ఒక్కటే ఊరు, చందనవెల్లి. ఏడో తరగతి దాక ఒక్క బెంచీ మీద కూసున్నం. ఏడుతోని నేను బడి బంద్ చేసి బర్రెల ఎంబడి పోయిన, వాడు ముందటికి చదివి భూముల బేరాలల్ల దిగిండు. "కంపెనీలకు భూములు పోతున్నయి పరమేషా, ఆగినవంటే నీకు మట్టి కూడ మిగలది, దోస్తువని చెప్తున్న" అని మా బాపు నాకిచ్చిన చెల్క భూమిని అగ్గువ ధరకు తన పేరు మీద రాయించుకున్నడు. ఏడాది తిరగక ముందే ఒక పెద్ద కంపెనీకి అమ్ముకున్నడు. ఇప్పుడు అక్కడ ఒక్క కిటికీ లేని బిల్డింగు లేచింది. లోపల మనుషులు తక్కువ, కంప్యూటర్లు ఎక్కువ. డేటా సెంటర్ అంటరు.

భూమి పోయినంక ఆ ఊర్ల ఉండబుద్ధి కాలే. నా పెండ్లాం మంజుల తల్లిగారి ఊరు ఎంకపల్లికి వచ్చి, ఊరి పాల కేంద్రం చూసుకుంట బతుకుతున్న. ఆ బిల్డింగు మొహం జన్మల చూడనని ఒట్టు పెట్టుకున్న. ఆరేండ్లు ఆ తొవ్వ తొక్కలే.

ఇగ గోవర్ధన్‌కు భూములు సరిపోలే. పాల మీద పడ్డడు. మొయినాబాద్ చుట్టుపక్కల ఊర్లల్ల తెల్ల వ్యాన్లు తిప్పుతున్నడు. మొదట మంచి రేటు ఇస్తడు, ఊర్ల ఉన్న కేంద్రం మూతపడ్డంక వాడు చెప్పిందే రేటు. అజీజ్‌నగర్ దిక్కు గట్లనే జేసిండు. ఎంకపల్లి మీద వాని కన్ను పడి చాన రోజులైంది, గాని మా కేంద్రం నడిచినన్ని రోజులు వానికి సందు దొరకలే.

బతుకమ్మ పండుగ మొదలైన వారంల ఆ సందు దొరికింది. ఒకనాడు పగటి పూట కరెంటు పోయింది. మళ్ళ వచ్చింది. కేంద్రంల కంప్యూటర్ మాత్రం లేవలే.

ఆ కంప్యూటర్ లేకుంటె మా కేంద్రంల చెంబెడు పాలు కూడ తీసుకోరాదు. పాలల్ల వెన్న ఎంతున్నదో చూసే మిషన్ దానికే తగిలించి ఉంటది. పేరు కొడితే, వెన్న చూసి, చీటీ అదే ఇస్తది. చేతి రాతల చీటీలు మా పాలు కొనే డెయిరీ వాళ్ళు ఎప్పుడో బంద్ చేసిన్రు. చీటీ లేని పాలు వాళ్ళ బండి ఎక్కయి.

ఆ పూట జనం క్యాన్లు పట్టుకొని నిలబడ్డరు. నేను స్విచ్చి ఆపుడు, వేసుడు, ఆపుడు, వేసుడు. ఫ్యాను తిరుగుతది, లైటు వెలుగుతది, తెర మీద చిన్న చక్రం ఒకటి తిరుగుకుంట తిరుగుకుంట ఉంటది, కొంచెం సేపటికి తెర నల్లగై తెల్ల అక్షరాలు పడతయి. అంతే. అక్కడికెల్లి కదలది. సరిగ్గ అదే టైముకు, రోజు మా ఊరి మీదికెల్లి పొయ్యే గోవర్ధన్ తెల్ల వ్యాను మా కేంద్రం ముంగట వచ్చి ఆగింది. జనం పాలు అందుల పోసి ఇండ్లకు పోయిన్రు. వాళ్ళను అనేది ఏమున్నది, పాలు ఆగుతయా?

"ఇది వాని పనే," అన్న మంజులతోని. "వాడే ఏదో చేయించిండు."

"ఏం చేయిస్తడు? కరెంటు కూడ వాడే తీసిండా?" అన్నది.

"తీసినా తీస్తడు."

డెయిరీ సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసిన. "మా ఇంజనీరు రావాలంటే వారం పడతది పరమేషూ. రూలు నీకు తెల్సు గద. మూడు పూటలు వరసగ పాలు పడకుంటె ఆ ఊరు మా బండి రూటుల నుంచి ఎగిరిపోతది. పై నుంచి అట్లనే తీసేస్తరు, నా చేతిల లేదు" అన్నడు. ఒక పూట అప్పటికే పోయింది.

నేను ఊకోలే. డబ్బా పక్క రేకు ఇప్పిన. సైకిల్ పంపుతోని దుమ్ము కొట్టిన. లోపల ఉన్న పచ్చ పట్టీని గుంజి, దాని కొసలు స్కూల్ పిల్లల రబ్బరుతోని రుద్ది మళ్ళ పెట్టిన. గట్ల చేస్తే లేస్తదని ఒకప్పుడు చూసిన. లేవలే. వైర్లన్ని ఇప్పి మళ్ళ గుచ్చిన. అదే చక్రం, అదే నల్ల తెర.

పొద్దుగూకినంక జెన్నీకి ఫోన్ కలిపిన. జెన్నీ మా పక్కింటి యోసేపన్న, విమలమ్మల బిడ్డ. ఆ కంప్యూటర్ల చదువే చదివింది. మా కేంద్రం కంప్యూటర్ల ఉన్నది విండోస్ కాదు, లినక్సు, పెంగ్విన్ పిట్ట బొమ్మ ఉంటది అని నాకు చెప్పింది ఆమెనే. పోయిన క్రిస్మస్‌కు ఇంటికి వచ్చినప్పుడు కేంద్రంల కూసోని ఏవేవో సవరించి పోయింది. ఆమె నౌకరీ ఎక్కడ? చందనవెల్లిల. ఆ కిటికీలు లేని బిల్డింగులనే.

"తెర మీద ఏమున్నదో చదువు కాక," అన్నది.

"వై, ఓ, యు. తర్వాత ఏ, ఆర్, ఇ..."

"యు ఆర్ ఇన్... ఎమర్జెన్సీ మోడా?"

"ఆఁ, ఇ, ఎమ్, ఇ... గదే. ఎమర్జెన్సీ అంటే ఏంది బిడ్డా, దవాఖానల లెక్కనా?"

"గట్లనే అనుకో. పానం పోలే, గాని నడవలేదు. నేను చెప్పేది కొట్టు. ముందు స్లాష్ కొట్టు, గీత."

"కొట్టిన."

"ఎటు వంగింది?"

"అటే వంగింది."

"అటు అంటే ఎటు కాక?"

"మన ఊరచెరువు దిక్కు."

ఆమె ఆ దిక్కు నవ్వుడు, నేను ఈ దిక్కు చెమటలు తుడుచుకునుడు. ఎంతసేపైనా ఆమె చెప్పేది నాకు, నేను చదివేది ఆమెకు అందలే. ఆఖరుకు, "నాకు సెలవు దొరకది కాక. లోపల ఫోన్ కూడ పట్టుకోనియ్యరు, గేటు కాడనే పెట్టెల వేసి తాళం వేస్తరు. రేపు నేను అన్నం తినేటందుకు బయటికి వస్త. నువ్వు డబ్బా పట్టుకొని ఇక్కడికి రా" అన్నది.

"ఆడికా?"

"నేనున్నది ఈడనే గద కాక."

ఫోన్ పెట్టేసిన.

తెల్లారి పూట కూడ పోయింది. జనం నా దిక్కు చూడకుండ పాలు వ్యానుల పోస్తున్రు. ఆ పూట గోవర్ధనే వచ్చిండు, కారుల. అద్దం దించి పిలిచిండు.

"పరమేషా, ఎందుకు తిప్పలు పడ్తున్నవ్? ఆ డబ్బా ఇగ లేవది. సాయంత్రం దాక చూసి కేంద్రానికి తాళం వెయ్యి. నిన్ను నేను ఇడిచిపెడతనా? ఇదే రూముల నా మిషన్ పెడత, నువ్వే కూసో, నెల జీతం."

"సాయంత్రం కానియ్యి, చూద్దం," అన్న.

"చూద్దువుగాని," అని నవ్విండు. "భూమప్పుడు కూడ గిట్లనే అంటివి, చూద్దం అని."

నేను లోపలికి పోయి వైర్లు పీకిన. డబ్బాను గోనెసంచిల చుట్టి టీవీయెస్ బండి మీద, పాల క్యాన్లు కట్టే జాగల, సైకిల్ ట్యూబుతోని గట్టిగ కట్టిన. కీబోర్డు చొక్కా లోపల పెట్టుకున్న. సాయంత్రం పాల యాళ్ళకు అది లేవాలె, అంతే. ఇంకో మాట లేదు.

అయినా చందనవెల్లి పోబుద్ధి కాక మొదలు చేవెళ్ళలనే ఆగిన. బస్టాండు కాడ నిఖిల్ అనే పిల్లగాని కంప్యూటర్ షాపు ఉన్నది. 'ఇక్కడ పెన్‌డ్రైవ్‌లలో పాటలు ఎక్కించబడును' అని పెద్ద బోర్డు. పండుగ కద, లోపల మొత్తం ఊర్లకెల్లి వచ్చిన ఆడోళ్ళే. ఒక్కొక్కరు ఒక పెన్‌డ్రైవ్ చాపుతున్రు, వాడు చిటికెల బతుకమ్మ పాటలు నింపి ఇస్తున్నడు.

డబ్బా పెట్టి వైరు గుచ్చి చూసిండు. చక్రం తిరిగింది. నల్ల తెర వచ్చింది.

"అన్నా, ఇది లినక్సు. దీన్ని మేం ముట్టం. ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కిస్త, చాయ్ తాగి వచ్చే లోపల అయిపోతది."

"కొడితే అందుల ఉన్న మా పాలోళ్ళ పేర్లు? చీటీ ఇచ్చే ప్రోగ్రాము?"

"మొత్తం పోతది. కొత్తగ ఎక్కించుకోవాలె."

"ఎక్కించేటోడు వచ్చేసరికి వారం అయితది తమ్మీ. నాకు సాయంత్రం కావాలె."

"అయితే నేనేం చెయ్య అన్నా," అని మళ్ళ పాటల పనిల పడ్డడు. "అమ్మా, నీదేనా ఎర్ర పెన్‌డ్రైవ్? పాతయి తీసేసి ఎక్కించాల్నా, ఉంచాల్నా?"

డబ్బా మళ్ళ కట్టుకున్న. ఇగ మిగిలింది ఒక్కటే తొవ్వ. షాబాద్ రోడ్డు ఎక్కి బండి పోనిచ్చిన. బండి గుంతల పడ్డప్పుడల్ల ఒక చెయ్యి ఎనుకకు పెట్టి డబ్బాను పట్టుకున్న. పొలిమేర దాటంగనే తల దించుకోవాలనుకున్న, గాని బండి నడిపేటోడు తల ఎట్ల దించుకుంటడు. అన్ని చూడాల్సి వచ్చింది. జొన్న చేన్లు ఉన్న కాడ గోడలు, గోడల మీద ముండ్ల తీగెలు. మా బాట పేరుకు కూడ లేదు, దాని మీద తారు రోడ్డు. ఆ బిల్డింగు దూరం నుంచే గుయ్యిమని మోగుతున్నది.

గేటు ఎదురుంగ సుగుణమ్మ చాయ్ బండి. పక్కకు రేకుల షెడ్డు, అందుల టీవీ. లారీ డ్రైవర్లు ఒక నలుగురు సినిమా చూస్తున్రు. నేను డబ్బా దించుతుంటె సుగుణమ్మ అన్నది, "ఏందన్నా, ఓవెన్ అమ్ముతున్నవా?"

"అమ్ముడు కాదక్కా, లేపుడు. జర కరెంటు ఇస్తవా?"

అంతల జెన్నీ గేటు దాటి వచ్చింది. మెడల కార్డు, చేతిల టిఫిన్ డబ్బా. వచ్చుడు వచ్చుడే, "అక్కా, నీ టీవీ కావాలె కాసేపు" అని డిష్ పెట్టె వైరు పీకి మా డబ్బాకు తగిలించింది.

"అరె, ఫైటింగు మధ్యల ఉన్నది!" అన్నడు ఒక డ్రైవరు.

"ఇది కూడ ఫైటింగే అన్నా, చూడుండ్రి," అన్నది.

టీవీ మీద చక్రం తిరిగింది. జెన్నీ ఏదో మీట కొట్టంగనే చక్రం మాయమై దాని ఎనుక ఉన్న అక్షరాలు వరసగ పడ్డయి. అన్నిటి ముంగట పచ్చగ ఓకే, ఓకే అని ఉన్నది. ఒక్క లైను కాడ ఆగింది. ఎర్ర చుక్కలు అటు ఇటు కొట్టుకుంటున్నయి.

"చూడు కాక. దేనికోసమో ఆగింది. బస్సు కోసం ఆగినట్టు. అది వస్తేనే ముందటికి పోతా అంటున్నది. కొంచెం సేపు చూసి, రాకపోతే ఎమర్జెన్సీల పడ్తది."

"దేని కోసం?"

ఆమె లైను చదివింది. టిఫిన్ డబ్బా మూత తీసే చెయ్యి ఆగింది. "కాక, డబ్బా ఎనుక నేను ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి పోయిన, క్రిస్మస్ అప్పుడు. నల్లది. ఏది?"

"పెన్‌డ్రైవా?"

"మన పాల లెక్కలు రోజు దాంట్లకు ఇంకో కాపీ పడేటట్టు పెట్టిన. పీకొద్దు అని చెప్పిన గద."

నాకు చెప్పింది నిజమే కావొచ్చు, యాదికి లేదు. ఎనుక చూస్తే ఆ జాగ ఖాళీగ ఉన్నది. గోవర్ధన్ మనిషి ఎవడో వచ్చి పీకిండు అనుకున్న. మంజులకు ఫోన్ కొట్టి, అందరికి ఇనపడేటట్టు పెట్టిన.

"కేంద్రం రూములకు ఎవడన్న వచ్చిండా ఈ నడుమ? కంప్యూటర్ ఎనుక పెన్‌డ్రైవ్ ఎవడు పీకిండు?"

"అదా?" అన్నది మంజుల. "నేనే పీకిన."

లారీ డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నరు.

"నువ్వా? ఎందుకు?"

"బతుకమ్మ కాడ పాటల డబ్బా పెట్టిన్రు కద. సత్తమ్మ వాళ్ళు పెన్‌డ్రైవ్ ఉన్నదా అని అడిగిన్రు. ఆడ ఊరికే గుచ్చి ఉన్నది, పాటలదే కావొచ్చు అనుకున్న. పెన్‌డ్రైవ్ అంటే పాటలకే కద ఉండేది? ఎవ్వరి ట్రాక్టరు చూసినా పాటలే."

"పీకినప్పుడు కంప్యూటర్ ఆగలేదా?"

"ఎందుకు ఆగుతది? మంచిగనే నడిచింది. మనం దాన్ని రాత్రి కూడ బంద్ చెయ్యం కద, కరెంటు పోయింది దాని ఎనుక రెండొద్దులకు."

జెన్నీ తలూపింది. "నడిచేటప్పుడు దాన్ని అడగది కాక. మళ్ళ మొదటి నుంచి లేసేటప్పుడే అడుగుతది." ఫోన్ దగ్గరికి వంగి, "మంజుల కాకీ, ఇప్పుడు ఆ పెన్‌డ్రైవ్ ఏది?" అన్నది.

"పాటల డబ్బాకే ఉన్నది. చేవెళ్ళల నిఖిల్ దగ్గర పాతయన్ని తుడిచి మంచిగ ఎక్కించుకొచ్చిన్రు. ఇప్పుడు ఇయ్యరు, సద్దుల బతుకమ్మ దాటినంక ఇస్తరు."

"తుడిచిన్రా? అయితే తెచ్చినా లాభం లేదు. కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టది."

నేను తల పట్టుకున్న. గోవర్ధన్ చెయ్యలే. నా ఇంట్ల మనిషి చేసింది. అది ఇనంగనే నాకు అల్కగ అనిపియ్యలే, ఇంకింత మండింది. వాడు చెయ్యకున్నా వానికే లాభం కావాల్నా?

"మరి ఎట్ల బిడ్డా?"

"ఆ పెన్‌డ్రైవ్ కోసం ఆగకు అని చెప్పాలె, అంతే. కీబోర్డు నువ్వే పట్టు. నేను కొడితే రేపు మళ్ళ నా కాడికే ఉరికొస్తవ్."

ఆమె కలిపిన అన్నం తినుకుంట చెప్పింది. నేను ఒక్క వేలుతోని కొట్టిన. వంకర గీత ఎటు వంగాల్నో ఈసారి వేలుతోని చూపెట్టింది. తెర మీద చిన్న పట్టీ లెక్క కొన్ని లైన్లు వచ్చినయి. లేసేటప్పుడు ఏమేం చూసుకోవాల్నో అందుల రాసి ఉంటదంట. కింద లైను పెన్‌డ్రైవ్‌ది.

"దాని ముంగటికి పో. అడ్డం రెండు, నిలువు రెండు గీతలు ఉన్న గుర్తు కొట్టు. అది ముంగట ఉంటే కంప్యూటర్ ఆ లైను చదవకుండ దాటి పోతది."

కొట్టిన. దాచు, సేవ్ కొట్టు అన్నది. దాచబోతే ఎర్రగ ఏదో పడ్డది.

"రాయనిస్తలే," అన్నది జెన్నీ. "పానం బాగలేనప్పుడు ఎవ్వరిని ముట్టనియ్యది. బయటికి రా. ఇంకో మాట చెప్త, అది కొట్టి మళ్ళ మొదలు పెట్టు."

గేటు కాడ సెక్యూరిటీ వాడు ఆమె దిక్కు చెయ్యి ఊపుతున్నడు, టైము అయిందని. ఆమె అటు చెయ్యి ఎత్తి ఆగుమన్నది. నేను మొదటి నుంచి మళ్ళ కొట్టిన. ఒక అక్షరం తప్పితే డ్రైవరే అన్నడు, "అన్నా, అక్కడ ఎమ్ రావాలె, నువ్వు ఎన్ కొట్టినవ్." తుడిచి కొట్టిన. గీతల గుర్తు పెట్టిన. దాచిన. ఈసారి ఏమనలే.

"ఇగ మళ్ళ లేపు."

ఓకేలు పడ్డయి, పడ్డయి, ఎర్ర చుక్కలు పడే జాగ వచ్చింది, దాటిపోయింది. సుగుణమ్మ టీవీ మీద నీలం తెర, దాని మీద తెలుగుల: ఎంకపల్లి పాల కేంద్రం. డ్రైవర్లు చప్పట్లు కొట్టిన్రు.

"తప్పు మంజుల కాకి ఒక్కదానిదే కాదు," అన్నది జెన్నీ, చెయ్యి కడుక్కుంట. "అది లేకున్నా ముందటికి పో అని ఒక్క మాట ఆ లైనుల నేను పెట్టకపోతి. తినకుండ వచ్చినట్టున్నవ్, ఈ రొట్టె తిను." పోబోయి ఆగింది. "మీ భూమి ఎక్కడుండె కాక?"

"అగో, ఆ జనరేటర్లు ఉన్న కాడ మా బాయి. ఆడికెల్లి ఈ గేటు దాక."

"నేను డ్యూటీ చేసే హాలు వాటి పక్కదే. లోపల ఉన్నయన్ని గిదే కాక, లినక్సే. వేలు ఉంటయి."

"అవి కూడ గిట్లనే మొండికేస్తయా?"

"వేస్తయి. వెయ్యకుంటె మాకు నౌకరీ ఎక్కడిది?" అని ఉరికింది.

నేను ఎక్కువసేపు నిలబడలే. పాల యాళ్ళ కావస్తున్నది. డబ్బా కట్టి బండి తిప్పిన. రొట్టె ఒక్క చేత్తోనే తిన్న.

ఎంకపల్లికి వచ్చేసరికి తెల్ల వ్యాను అక్కడనే ఉన్నది, దాని పక్కన గోవర్ధన్ కారు. జనం క్యాన్లు పట్టుకొని ఇటు కేంద్రం దిక్కు, అటు వ్యాను దిక్కు చూస్తున్రు. గుడి దిక్కుకెల్లి బతుకమ్మ పాటలు గట్టిగ మోగుతున్నయి, మా పెన్‌డ్రైవ్‌కెల్లే.

"పరమేషా, లేచిందా నీ డబ్బా?" అన్నది పద్మమ్మ. ఊర్ల అందరికన్న ముందు పాలు తెచ్చే ముసలామె.

"లేస్తది అవ్వా. జర ఆగు."

"ఎంతసేపు నిలబెడతవ్ వాళ్ళను?" గోవర్ధన్ కారు దిగిండు. "పాలు విరిగితే నువ్వు కట్టిస్తవా? రాండ్రి, రాండ్రి, వ్యానుల పొయ్యుండ్రి."

ఇద్దరు ముగ్గురు అటు పోయిన్రు. నేను ఎవ్వరిని పిలవలే. వైర్లు ఒక్కొక్కటి గుచ్చిన, వెన్న మిషన్‌ది, చీటీ మిషన్‌ది. స్విచ్చి వేసిన. మంజుల తలుపు కాడ నిలబడి కొంగు నోటికి పెట్టుకున్నది. చక్రం తిరిగింది. తిరిగింది. పద్మమ్మ క్యాను కింద పెట్టి, మళ్ళ ఎత్తింది.

నీలం తెర వచ్చింది.

"పొయ్యి అవ్వా," అన్న.

పద్మమ్మ పాలు పోసింది. మిషన్ గుర్రుమన్నది, చీటీ చిర్రున బయటికి వచ్చింది. ఆమె దాన్ని కండ్లకు దగ్గరగ పెట్టుకొని చూసి, ఎనుకకు తిరిగి అరిచింది, "ఓ సాయిలూ, ఆడ ఏం జేస్తున్నవ్ రా, వస్తున్నయి చీటీలు!" వ్యాను కాడ ఉన్నోళ్ళు క్యాన్లు ఎత్తుకొని ఇటు వచ్చిన్రు. వరస గుడి మలుపు దాక పెరిగింది. డెయిరీ బండి వచ్చినప్పుడు సూపర్‌వైజర్ దిగి చూసి, "నడిపిస్తివి పరమేషూ" అన్నడు. ఎంకపల్లి రూటుల ఉండిపోయింది.

చీకటి పడే యాళ్ళకు గోవర్ధన్ వ్యాను వేరే ఊర్ల పాల సగం క్యాన్లతోనే మర్లిపోయింది. వాడు పోయేముందు కేంద్రం తలుపు కాడికి వచ్చిండు. నేను మిషన్ కడుగుతున్న.

"మొండోనివి పరమేషా," అన్నడు. నవ్వుతనే అన్నడు. "ఈ మొండితనం ఆనాడు రిజిస్ట్రీ ఆఫీసు కాడ చూపెడితే నీ భూమి నీకే ఉండేది."

నేను మిషన్ కడుగుడు ఆపలే. వాడు పోయిండు, కారు లైట్లు పాటలు మోగే దిక్కు తిరిగి పోయినయి. మూడో పూట పాలు వానికి దక్కనియ్యలే. వానికి దక్కింది చందనవెల్లిల, బాయితోని కలిపి, రెండెకరాల పదమూడు గుంటలు.